ఒడ్డు మీద వరస కలిపిన మనిషి

మొదటిరోజు అతను నాకు చేసిన సాయం చాలా చిన్నది. కృష్ణ ఒడ్డున నడకదారి మీద నడుస్తుంటే నా చెప్పు ఉంగటం తెగింది. వంగి చూసుకుంటున్నాను. వెనక నుంచి ఒకతను వచ్చి, చొక్కా జేబులోంచి పిన్నీసు తీసి, నేను వద్దనేలోపే కింద గొంతుక్కూర్చుని ఉంగటాన్ని అట్టకు గుచ్చేశాడు.

"ఇంటిదాకా వస్తుందిలెండి" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. "మగవాడు జేబులో పిన్నీసు పెట్టుకుని ఎందుకు తిరుగుతాడంటావు?"

"మీ చెప్పు తెగుతుందని" అంది తను, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

తనకి నా సంగతి తెలుసు. ముప్ఫై ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో సరుకు చూసే పని చేశాను. రైతు తెచ్చిన టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, విప్పి మచ్చు తీయడం నా పని. పైన కనిపించే కాయని నేనెప్పుడూ చూడలేదు. పైన ఎవరైనా మంచికాయే పోస్తారు. మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగునున్నది లాగేవాణ్ణి. తాలు ఉందా, తేమ ఉందా, పాతకాయ కలిపారా. అలా ముప్ఫై ఏళ్లు చేశాక మనుషుల్ని చూసినా చెయ్యి దానంతటదే అడుక్కి పోతుంది. అది రోగమని మా ఆవిడ అంటుంది. వృత్తి అని నేనంటాను.

పని మానేశాక దగ్గు మాత్రం మానలేదు. ఊపిరితిత్తుల నిండా మిరప ఘాటే ఉందనీ, గాలి బాగున్నచోట రోజూ నడవమనీ డాక్టరు చెప్పాడు. అలా గుంటూరు వదిలి, తాడేపల్లి వైపు నది కనిపించే ఒక అపార్ట్‌మెంటులో దిగాం. కింద గేటు దాటి రోడ్డు దాటితే నడకదారి. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క వేపచెట్లు, మధ్యలో ఎర్రరాళ్లు పరిచిన బాట. పొద్దున్నే నడిచేవాళ్లలో సగంమంది నడవరు. బెంచీల మీద కూర్చుని, నడిచేవాళ్ల గురించి మాట్లాడుకుంటారు. ఎవరైనా అడిగితే నేను ఆఫీసులో పనిచేశానని చెప్పేవాణ్ణి. యార్డు అంటే ప్రతివాడూ ధర ఎప్పుడు పెరుగుతుందని అడుగుతాడు.

పిన్నీసు మనిషి మర్నాడూ కనిపించాడు. ఆ మర్నాడూ. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నవాడై ఉంటాడు. నల్లగా, గట్టిగా, ఎండలో పనిచేసిన ఒళ్లు. నేను కూర్చునే బెంచీ మీద తువ్వాలు పరిచి నాకోసం చోటు ఆపేవాడు. వారం తిరిగేసరికి ఫ్లాస్కుతో కాఫీ తేవడం మొదలుపెట్టాడు.

"మీకు చక్కెర లేకుండా తెచ్చానండి" అన్నాడు ఒకరోజు.

నాకు చక్కెర పడదని నేనతనికి చెప్పలేదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టాను.

"మీకెట్లా తెలుసు?"

"ఇక్కడందరూ అంతేగా సార్. ఈ వయసొచ్చాక చక్కెర ఎవరికి పడుద్ది?" అన్నాడు. జవాబు సరిగ్గానే ఉంది. అదే నాకు నచ్చలేదు.

ఒక ఆదివారం మా ఆవిడ కూడా నాతో నడకకి వచ్చింది. అతను లేచి నిలబడి చేతులు జోడించాడు. తన మోకాలి నొప్పి గురించి అడిగాడు, ఆవాల నూనె వేడిచేసి రాయమన్నాడు. పది నిమిషాల్లో మా ఆవిడ అతన్ని "అన్నయ్యగారూ" అనేసింది. అంతే, ఆ క్షణం నుంచి నేను అతనికి "బావగారు" అయిపోయాను. మా ఊళ్లవైపు వరస కలపడం పెద్ద విషయం కాదు. బస్సులో పక్కసీటువాడు కూడా దిగేలోపు బాబాయి అవుతాడు. కానీ వరస కలిపినవాడు ఊరికే కలపడని నా నమ్మకం. యార్డులో నాతో వరస కలిపిన ప్రతి రైతు బస్తాలోనూ ఏదో ఒకటి దొరికేది.

"ఏదో ఒకరోజు అడుగుతాడు చూడు" అన్నాను ఇంటికొస్తూ.

"ఏమడుగుతాడు?"

"ఏదైనా. స్కీములో చేరమంటాడు. స్థలం ఉంది చూడమంటాడు. కొడుక్కో కూతురికో సిఫార్సు చెయ్యమంటాడు."

"మీ సిఫార్సుకి ఉద్యోగాలిచ్చేవాళ్లెవరండీ" అంది.

అతను అడగలేదు. నెల గడిచింది, అడగలేదు. అడిగి ఉంటే నాకు నిద్ర పట్టేది. మా వాచ్‌మన్‌ని కదిపితే, అతనిది పొదిలి వైపు పల్లెటూరనీ, వ్యవసాయం వదిలేసి చీమకుర్తిలో రాళ్లు కోసే యూనిట్‌లో చాలాకాలం పనిచేశాడనీ, ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో గ్రానైట్ పరిచే పనికి మేస్త్రీ అనీ చెప్పాడు. మా మెట్లకు రాయి పరిచింది కూడా అతని మనుషులేనట. అంటే మేం ఆ ఇంట్లోకి దిగినప్పుడే నన్ను చూసి ఉండాలి. కానీ నాతో ఆ మాట ఎప్పుడూ అనలేదు. చెప్పు తెగిన రోజే మొదటిసారి చూసినట్టు ప్రవర్తించాడు.

ఇంకోరోజు నేను అరచేతులు రుద్దుకుంటుంటే అటే చూస్తూ అన్నాడు: "ఆ మంట చేతుల్లోంచి అంత తొందరగా పోదులెండి బావగారూ."

"ఏ మంట?"

అతను ఒక్కక్షణం తడబడ్డాడు. "అదే, చలికి పగుళ్లు..." అన్నాడు.

అప్పుడు చలే లేదు. ఇతనికి నా గురించి తెలుసు. తెలిసీ దాస్తున్నాడు. ఆ రోజు నుంచి అతనిచ్చిన కాఫీ సగం తాగి, మిగతాది అతను చూడనప్పుడు చెట్టు మొదట్లో పోసేవాణ్ణి.

ఒక సాయంత్రం అతన్ని వెంబడించాను కూడా. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నడకదారి చివర, జనం పలచబడేచోట, రెయిలింగ్ పట్టుకుని నిలబడి అటూ ఇటూ చూశాడు. నేను ఐస్‌క్రీం బండి చాటున ఉన్నాను. అతను రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని నీళ్లవైపు తిరిగి గట్టిగా కేక వేశాడు.

"ఓ నాన్నోయ్... అన్నం తెచ్చా..."

మళ్లీ వేశాడు. మూడోసారి ఇంకా సాగదీసి వేశాడు. నది మీద ఎవరూ లేరు. ఎవరికో సైగ చేస్తున్నాడని నేను ఖాయం చేసుకున్నాను. ఐస్‌క్రీం బండతను నన్ను చూసి, "కేకల పోటీకి ప్రాక్టీసు సార్. రోజూ ఇద్దరు ముగ్గురు వచ్చి అరుస్తా ఉంటారు" అన్నాడు.

అప్పుడే ఆ వేడుకల సంగతి నాకు తెలిసింది. చలి మొదలయ్యాక ఒక శని, ఆదివారాలు నడకదారి మీద నడిచేవాళ్లే జరుపుకునే సంబరం అది. దేవుడి పేరు లేదు, నాయకుడి ఫోటో లేదు. ఎవరు మొదలుపెట్టారని అడిగితే బెంచీకొక పేరు చెబుతారు. మగవాళ్లకు ముగ్గుల పోటీ. లుంగీ కట్టుకుని, చేతిలో నిండు చెంబుతో పరుగు. మిరపకాయ బజ్జీలు నీళ్లు తాగకుండా తినే పోటీ. ఆదివారం సాయంత్రం గేదెల అలంకరణ. కేకల పోటీలో ఈ చివర నిలబడి పొలంలో మనిషిని పిలిచినట్టు పిలవాలి. ఆ చివర కూర్చున్న పెద్దలకు మాట స్పష్టంగా వినబడితే తువ్వాలు ఊపుతారు. మైకు ఉండదు. ఇక పుట్టి పోటీ. వెదురుతో అల్లిన గుండ్రటి పడవలో ఇద్దరు కూర్చుని, నీళ్లలో తేలుతున్న డ్రమ్ము చుట్టూ తిరిగి రావాలి. తెడ్డు వేయడం రానివాళ్లకి పుట్టి ముందుకి పోదు, తనచుట్టూ తను తిరుగుతుంది. చూసేవాళ్ల ఆనందమంతా అందులోనే ఉంది.

వేడుకలకు మూడురోజుల ముందు అతను బెంచీ దగ్గరికి వచ్చి, "బావగారూ, పుట్టి పోటీకి మన ఇద్దరి పేర్లూ ఇచ్చానండి" అన్నాడు.

"నన్నడక్కుండా?"

"అడిగితే వద్దంటారుగా."

"నాకు ఈత రాదు."

"జాకెట్లిస్తారు. వెనకాలే చేపలోళ్ల పడవలు కూడా ఉంటయ్. పొదిలోడిని, నాకేమన్నా ఈతొచ్చా? మాకాడ తాగటానికే నీళ్లుండవు" అని నవ్వాడు.

ఈత రాని ఇద్దరు నది మధ్యకి పోవడంలో ఇతనికేం లాభం? మా ఆవిడని అడిగితే, "సరదా అండీ, దాన్ని సరదా అంటారు" అని విడివిడిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. వెళ్లనంటే తనే వెళ్లి కూర్చుంటానంది. అందుకని ఒప్పుకున్నాను. అతనేం చేస్తాడో చూడాలని కూడా ఉంది.

శనివారం పొద్దున నడకదారి నడకదారిలా లేదు. రెయిలింగ్ పొడుగునా బంతిపూల దండలు. నేలమీద మొగుళ్లు వంగి ముగ్గులేస్తుంటే, పెళ్లాలు నిలబడి చుక్కలు తప్పాయని అరుస్తున్నారు. ఒక రిటైర్డు మేష్టారు వేసిన తాబేలు ముగ్గు వంకాయలా వచ్చింది. ఆయన మాత్రం అది వంకాయేనని వాదిస్తున్నాడు. లుంగీ పరుగులో ముందున్నవాడి లుంగీ జారింది. అతను చెంబు వదల్లేదు, లుంగీ వదిలేశాడు. కింద నిక్కరు ఉందిగనక బతికిపోయాడు, మొదటి బహుమతి కూడా కొట్టాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఈ బహుమతులకి, ఈ పూలదండలకి వెనక ఎవరున్నారా అని చుట్టూ చూశాను.

కేకల పోటీలో చాలామంది గొంతులు మధ్యలోనే చచ్చిపోయాయి. ఒకావిడ "ఒరేయ్ సచ్చినోడా, ఇంటికి రా" అని పిలిస్తే, ఆ చివర తువ్వాలు లేచింది, ఆవిడ మొగుడు బెంచీ మీంచి లేచాడు. మా మేస్త్రీ వంతు వచ్చింది. చెప్పులు విప్పి నిలబడ్డాడు. "ఓ నాన్నోయ్... అన్నం తెచ్చా..." అన్నాడు. ఆ సాయంత్రం బండి చాటున విన్నదానికీ దీనికీ పోలిక లేదు. ఆ కేక నీళ్ల మీదుగా పోయి పోయి ఎక్కడో ఆగింది. ఆ చివర తువ్వాళ్లన్నీ లేచాయి. జనం ఈలలు వేశారు. అతను మాత్రం నవ్వలేదు. చెప్పులు తొడుక్కుంటూ మొహం తుడుచుకున్నాడు. గెలిచినవాడు ఏడవడమేమిటా అనిపించింది.

పుట్టి పోటీ పదకొండింటికి. మెట్ల దగ్గర జాకెట్లు తొడిగి మమ్మల్ని ఎక్కించారు. మొత్తం ఆరు పుట్లు. ఈల వేయగానే అయిదు ముందుకి పోయాయి, మాది తిరగడం మొదలుపెట్టింది. ఒకసారి ఒడ్డున మెట్లు కనిపిస్తాయి, ఒకసారి బ్యారేజీ కనిపిస్తుంది, మళ్లీ మెట్లు. మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం రెండుసార్లు కనిపించింది. ఎలాగో తిరుగుతూనే కొంత దూరం పోయాం. ఒడ్డున అరుపులు చిన్నవయ్యాయి. అప్పుడతను తెడ్డు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఏమైంది? వెయ్యండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"బావగారూ, మీరు నన్ను గుర్తుపట్టలేదు కదూ?"

నేను పుట్టి అంచు పట్టుకున్నాను.

"గుంటూరు యార్డులో మా నాన్న మీ మొహాన మిరపకాయలు కొట్టాడు" అన్నాడతను.

నాకు వెంటనే గుర్తొచ్చింది. ఎలా మర్చిపోతాను? చాలా ఏళ్ల కిందటి మాట. పొదిలి వైపు నుంచి ఒక పెద్దాయన లారీలో సరుకు తెచ్చాడు. తెల్లపంచె, తలపాగా, నిటారుగా నిలబడే మనిషి. కాయ మంచి రంగు. నేను అలవాటు ప్రకారం చెయ్యి దూర్చితే మధ్యలో చల్లగా, మెత్తగా తగిలింది. బరువు కోసం నీళ్లు కొట్టారని పదిమందిలో అన్నాను. ఆయన మొహం కందిపోయింది. "నా ఇంట నీళ్లు కొట్టే అలవాటు లేదు. ఇంకోటి విప్పు" అన్నాడు. ఇంకో రెండు విప్పాను. రెండూ ఎండుటాకుల్లా గలగల్లాడాయి. చుట్టూ ఉన్న రైతులు గొడవకి దిగారు. దారిలో మంచు తగిలి ఉంటుందన్నారు. మా షావుకారు కూడా నన్నే తప్పుపట్టాడు. పెద్దాయన దోసెడు కాయలు తీసి నా మొహాన కొట్టి, "అన్యాయంగా మాటన్నావు, నీ చెయ్యి పడిపోను" అని సరుకంతా మళ్లీ లారీకెత్తించుకుని పోయాడు. కళ్లు కనిపించక అరగంట కుళాయి కింద కూర్చున్నాను. మంట మర్నాటికి పోయింది. నేను తప్పు చేశానా అన్న అనుమానం మాత్రం పోలేదు. ముప్ఫై ఏళ్లలో నా చెయ్యి నాకు అబద్ధం చెప్పిందేమో అని భయపడింది ఆ ఒక్కసారే.

"ఆయన వెనక నిలబడి ఉంది నేనే. ఆ నీళ్లు కొట్టింది కూడా నేనే" అన్నాడతను. "మా నాన్నకి తెలియదు. అందరూ కొడతన్నారు గదా అని కొట్టాను. ఆయన మిమ్మల్ని అంత మాటన్నప్పుడు నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఊరికి పోయాక కూడా చెప్పలేదు. ఆ ఏడు నుంచే ఆయన మిరప వెయ్యడం మానేశాడు. పోయేదాకా ఆ మాటే. యార్డులో నన్ను దొంగని చేశారని."

పుట్టి తిరుగుతూనే ఉంది. నా చెయ్యి తప్పు చెప్పలేదన్న తేలిక ఒకవైపు. ఇతను ఇన్ని నెలలు ఇది కడుపులో పెట్టుకుని నాకు కాఫీ పోశాడన్న కోపం ఇంకోవైపు.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాను. మర్యాద కూడా జారిపోయింది.

"రోజూ చెబుదామనే వచ్చేవాణ్ణి. మీరు పక్కన కూర్చున్నాక నోరు పెగిలేది కాదు. ఇక్కడైతే మీరు లేచిపోవడానికి లేదు, నేను పారిపోవడానికి లేదు. అందుకే పేర్లిచ్చాను."

తెడ్డు ఒళ్లో సర్దుకుని అన్నాడు, "ఒక్కటి అడుగుతాను, కాదనకండి."

అడుగుతాడని నాకు ముందే తెలుసు. ఇంతకాలం ఎదురుచూసింది దీనికే.

"రేపు మా అమ్మ వస్తంది, గేదెల్ని చూట్టానికి. ఆమెకి నిజం చెప్పాలి. మీరు పక్కన ఉంటే చెప్పగలను. ఒంటరిగా నావల్ల కాదు."

ఈలోగా చేపలు పట్టేవాళ్లు పడవేసుకుని వచ్చి మా పుట్టికి కొక్కెం తగిలించి లాక్కుపోయారు. ఒడ్డున చప్పట్లు మోగాయి. మాకు ఆఖరి బహుమతిగా ఒక గుమ్మడికాయ ఇచ్చారు. నేనతనికి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. మిరపకాయల సంగతి వినగానే తన చేతిలో పని ఆగిపోయింది.

"ఆ రోజు కళ్లలో దుమ్ము పడిందన్నారు నాతో."

"ఏం చెప్పుకుంటాను?"

తను మళ్లీ పని అందుకుంది. తర్వాత, "పోనీలెండి, మీ అనుమానమే నిజమైంది. ఇకనైనా మనసు కుదుటపడిందా?" అంది.

"పడలేదు. అతను చెప్పేది నిజమో కాదో. వాళ్ల నాన్న నన్ను శపించాడని జాలిపడి ఊరడిస్తున్నాడేమో. నిజంగా అది దారిలో తగిలిన మంచు తడేనేమో."

తను నావైపు వింతగా చూసింది. "మనిషి తప్పు ఒప్పుకుంటే కూడా మచ్చు తీస్తారా?"

తీశాను. ఆదివారం పొద్దున్నే బెంచీ దగ్గరికి వెళ్లి, కూర్చోకుండానే అడిగాను. "నీళ్లు ఎక్కడెక్కడ కొట్టావు?"

అతను ఆలోచించలేదు. "టిక్కీకి మధ్యన. కింద, పైన పొడికాయే పోసి తొక్కాను."

"అన్నిట్లోనా?"

"లేదండీ. వరస విడిచి వరస. గోడవైపువి నాన్న విప్పి చూసుకుంటాడని వాటి జోలికి పోలేదు."

తడి మధ్యలోనే తగిలిందని నేను యార్డులో ఎవరికీ చెప్పలేదు. నీళ్లు కొట్టారు అన్నానంతే. ఆ తర్వాత విప్పిన రెండూ ఎందుకు పొడిగా ఉన్నాయో కూడా ఇన్నేళ్లకి తెలిసింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. అతను కాఫీ పోసి ఇచ్చాడు. మొత్తం తాగాను.

సాయంత్రం నాలుగింటికి వాళ్లమ్మ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. చిన్న మనిషి, పెద్ద కళ్లద్దాలు, ముక్కుకి రెండువైపులా ముక్కుపుడకలు. మా ఆవిడ పక్కన కూర్చుని కాగితంలో బజ్జీ తింటోంది. కారం తక్కువైందని బజ్జీల ఆవిడని అప్పటికే కోప్పడిందట. నడకదారి నిండా జనం. గేదెల్ని తోలుకొస్తున్నారు. కొమ్ములకు జిగురు కాగితాలు, మెడలో మువ్వలు. ఒకదానికి నల్లకళ్లద్దాలు కూడా పెట్టారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు లేచి ఉన్నాయి.

"అమ్మా, నీకో మాట చెప్పాలి" అన్నాడతను, ఆమె ముందు గొంతుక్కూర్చుని.

"ఆఁ?" అంది. ఆమెకి చెవుడని అప్పుడే నాకు తెలిసింది.

"ఇక్కడొద్దు. ఇంటికెళ్లాక చెప్పండి" అన్నాను అతని చెవిలో.

అతను తల అడ్డంగా ఊపాడు. "మిమ్మల్ని పదిమందిలోనే అన్నాం గదా."

లేచి నిలబడి గొంతు పెంచాడు. నిన్న ఆ చివర తువ్వాళ్లు లేపిన గొంతది.

"అమ్మా! మన కాయలకి నీళ్లు కొట్టింది నేనేనే! నాన్నకి తెలియదు! ఈయన తప్పేం లేదు!"

మువ్వలు తప్ప అన్నీ ఆగిపోయాయి. ముగ్గుల మేష్టారు, బజ్జీల ఆవిడ, గేదెల తాళ్లు పట్టుకున్నవాళ్లు, అందరూ మావైపే చూస్తున్నారు. నా మొహం వేడెక్కింది. యార్డులో కూడా జనం ఇలాగే చూశారు.

పెద్దావిడ బజ్జీ కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది. కొడుకుని చాలాసేపు చూసింది.

"మీ నాయన ఆ మనిషిని తిట్టుకుంటానే పోయాడు గదరా" అంది. ఆమె మామూలుగానే అన్నా అందరికీ వినిపించింది. "నీకు నోరేమైంది రా అప్పుడు? ఇయ్యాల ఊరంతా ఇనేట్టు అరుస్తండావే, అప్పుడు యాడ పెట్టుకున్నావ్ ఈ నోరు?"

అతను తల వంచుకున్నాడు. ఆమె నావైపు తిరిగింది. "ఈయనేనా?"

"నేనేనమ్మా" అన్నాను, వినబడేట్టు.

"శానా మాటలన్నాం నాయనా నిన్ను. మేమిద్దరం పొద్దున లేచిన కాడి నుంచి అనేవాళ్లం" అంది. క్షమించమని అనలేదు. నాకు అలా ఉండడమే నచ్చింది. తర్వాత చెయ్యి చాచింది. "లెయ్యనియ్యి నన్ను. ఆ బర్రెల్ని చూద్దాం పద. వాణ్ణి ఇక్కడే ఉండనీ కాసేపు."

ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపించాను. జనం దారి ఇచ్చారు. ఆమె ప్రతి గేదె దగ్గరా ఆగి, పొదుగు చూసి, గిట్టలు చూసి, చర్మం వేళ్లతో లాగి చూసింది. నల్లకళ్లద్దాల గేదె దగ్గర చప్పట్లు కొడుతుంటే ఆమె పెదవి విరిచింది.

"దీనికి ఒంటినిండా ఆముదం రుద్దారు. లోపల పొలుసు రేగి ఉంది, చూడు. మెరుపు చూసి ఎగబడతండారు."

నేను వంగి చూశాను. నిజమే. బహుమతి ఆ గేదెకే వచ్చింది. మేమిద్దరం చప్పట్లు కొట్టలేదు.

వెనక్కి తిరిగితే కొడుకు పది అడుగుల దూరంలో మావెంటే వస్తున్నాడు, చేతిలో ఆమె చెప్పులు పట్టుకుని. ఆమె చూసి కూడా చూడనట్టు నడిచింది. ఆ రాత్రి ఆమె అతని ఇంట్లో అన్నం తినలేదనీ, మర్నాడు తిందనీ, మూడోరోజు పొదిలి బస్సెక్కే ముందు అతని తల మీద ఒక మొట్టికాయ వేసి ఏడ్చిందనీ తర్వాత చెప్పాడు.

మేం ఇప్పటికీ ఆ బెంచీ మీదే కూర్చుంటాం. బావగారూ అనే పిలుస్తాడు. నేనూ ఈమధ్య బావా అంటున్నాను. మొన్న వచ్చి, వచ్చే ఏడాది మగవాళ్ల ముగ్గుల పోటీకి మన పేర్లిచ్చానన్నాడు. ఎందుకని అడిగాను. సరదాకే అన్నాడు. ఇంటికొచ్చాక కూడా ఆ మాటనే కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాను. ఏమీ దొరకలేదు. మా ఆవిడ నేల మీద చుక్కలు పెట్టి చూపిస్తానంటే కిందికి దిగి కూర్చున్నాను.